దారియు స్వేచ్ఛయు: వీడియో సాహస క్రీడలను గూర్చి

కథ చెప్పువాడు శ్రోతను ఎంతవరకు వెంట నడిపింపవలెను, ఎచట ఆతని ఊహకు విడిచిపెట్టవలెను అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. పాఠము చెప్పువానికిని ఇదే ప్రశ్న. అంతయు తానే విప్పి చెప్పిన గురువు శిష్యుని బుద్ధికి పని లేకుండ చేయును. ఏమియు చెప్పక విడిచిన గురువు ఆతనిని అడవిపాలు చేయును. ఈ రెంటికి నడుమ సరియైన కొలత యెక్కడ నున్నదో కావ్యవిమర్శకులును, బోధనశాస్త్రజ్ఞులును చిరకాలముగా వెదకుచున్నారు. ఆ ప్రశ్నయే ఇప్పుడొక క్రొత్త రంగమున, విద్యార్థులు తమ సాయంకాలములను గడుపు రంగమున, మరల తలయెత్తినది. అది వీడియో ఆటల రంగము.

వీడియో ఆటలనగానే పెద్దలలో అనేకులు చదువును చెరచు వ్యసనమని ముఖము త్రిప్పుకొందురు. పిన్నలలో అనేకులు ఆడుదురే కాని, తాము ఆడుచున్నది ఏ విధముగా కట్టబడినదో ఆలోచింపరు. నాటకమును గూర్చియు, సినిమాను గూర్చియు ఒకప్పుడు ఇట్టి మాటలే వినవచ్చినవి. తిట్టుటయు విమర్శ కాదు, మైమరచుటయు విమర్శ కాదు. యాభై యేండ్ల చరిత్ర గల ఈ కళకు తనవైన నిర్మాణసూత్రములు కలవు. వానిని తెలిసికొన్నప్పుడే ఏ ఆట బుద్ధికి పదును పెట్టునదో, ఏది కేవల కాలహరణమో నిర్ణయించుటకు వీలగును. సాహస క్రీడలకు సంబంధించినంతవరకు అట్టి సూత్రములు ముఖ్యముగా మూడు: అన్వేషణ, ఏకమార్గత, చేతికిచ్చు అధికారము.

అన్వేషణ యనగా, తెలియని చోటులో ఆటగాడు తన ఊహతో దారి కనుగొనుట. ఏకమార్గత యనగా, రచయిత ముందుగా గీసిన ఒకే త్రోవను వరుసగా నడచుట. ఇక చేతి అధికారమనగా, కీబోర్డు, మౌసు, జాయ్‌స్టిక్కు, బటనుల ద్వారా ఆ లోకములో ఏ పనులు చేయుటకు ఆటగానికి వీలిచ్చినారో, ఆ పనుల పట్టిక. మన పాత ఆటలలోనే ఈ భేదము కలదు. వైకుంఠపాళిలో దారి యొక్కటే. గవ్వలు పడినట్లు కాయ నడచును, ఆడువాని బుద్ధికి అందు పని లేదు. పులిజూదములో గీతలు కొద్దివే, కాని ప్రతి యెత్తునకు ఎంపిక కలదు. గడుల సంఖ్యను బట్టి చూచిన వైకుంఠపాళియే పెద్దది. అయినను ఆలోచనకు చోటిచ్చునది పులిజూదమే.

ఈ చిన్న పోలికను మనస్సునందుంచుకొని నేటి వాదమును వినవలెను. ఆటల పత్రికలలోను, ఆడువారి నోటను నేడు బలముగా వినవచ్చు తీర్పు ఇది: ఎల్లలు లేని విశాల భూభాగము నిచ్చి, ఎటు వలసిన నటు పొమ్మను ఆట గొప్పది, ఒకే త్రోవలో నడిపించు ఆట తక్కువది. ఈ తీర్పు సగము నిజము, సగము భ్రమ. అన్వేషణకు శత్రువు ఇరుకైన దారి యని ఆ తీర్పు తలచుచున్నది. నిజమునకు అన్వేషణను చంపునది వేరొకటి: ఆటగాడు తలచవలసిన దానిని ఆటయే ముందుగా తలచి పెట్టుట. సాహస క్రీడల చరిత్రను మొదటినుండి చూచినచో ఈ మాట రుజువగును.

ఈ జాతి ఆటలకు పేరు పెట్టిన మూలపురుషుడు అమెరికా దేశస్థుడైన విల్ క్రౌథర్. ఆయన వృత్తిచే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, నేటి ఇంటర్నెట్టునకు మూలమైన అర్పానెట్టు నిర్మాణములో పాల్గొన్నవాడు. ప్రవృత్తిచే గుహల అన్వేషకుడు. కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహాసముదాయమును ఆయనయు, ఆయన భార్య పట్రీషియాయు శ్రమించి కొలిచి పటములు గీసినారు. ఫ్లింట్ రిడ్జి గుహలకును మామత్ గుహకును లోపల కలియిక యున్నదని 1972 లో కనుగొన్న బృందములో ఆమె సభ్యురాలు. దంపతులు విడిపోయిన తరువాత, 1975-76 ప్రాంతమున, క్రౌథర్ తన కుమార్తెలు ఆడుకొనుటకై ఆ గుహలలో ఒక భాగమును మాటలతో కంప్యూటరులో నిర్మించెను. 1977 లో స్టాన్‌ఫర్డులో డాన్ వుడ్స్ అను నాతడు దానిని పెంచి, మాయలను, నిధులను చేర్చెను. అదియే 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'.

అందు బొమ్మలు లేవు. ఉన్న చోటు నెట్టిదో తెరపై కొన్ని వాక్యములు చెప్పును. ఆడువాడు రెండు మాటలలో ఆజ్ఞ నిచ్చును. దీపము తీసికొనుమనియో, ఉత్తరమునకు పొమ్మనియో వ్రాసిన, ఆ పని జరుగును. అన్ని గదులకును ఒకే వర్ణన గల చిక్కుదారుల చోటొకటి అందు కలదు. ఏ గదిలో నున్నదియు తెలియదు. ఆడువారు తమ చేతిలోని వస్తువులను ఒక్కొక్క గదిలో ఒక్కొక్కటిగా విడిచి, వానిని గుర్తులుగా పెట్టుకొని, కాగితముపై పటము గీసికొని బయటపడిరి. ఆట ఈ యుపాయమును ముందుగా ఎవరికిని చెప్పలేదు. ముందుగా చెప్పకపోవుటయే అందలి పాఠము. గుహలో నిజముగా తిరిగినవాడు వ్రాసినది కావున, చీకటిలో మనిషి బుద్ధి ఎట్లు పనిచేయునో ఆతనికి తెలియును.

అయినను ఆ ఆటలో నొక లోపము కలదు. భాష యంతయు ఆటగాని దనిపించును, కాని యంత్రమునకు తెలిసిన మాటలు కొద్దివి. తలుపును తోయవలెనా, తీయవలెనా, పగులగొట్టవలెనా? యంత్రము ఏ మాటను గుర్తించునో ఊహించుటలో కాలము పోవును. అప్పుడు ఆటగాడు వెదకునది గుహను కాదు, నిఘంటువును. చేతికిచ్చిన అధికారము పైకి అపారముగా కనబడి, లోపల పరిమితమైనప్పుడు కలుగు చిక్కు ఇది. తరువాతి యాభై యేండ్లలో నియంత్రణను గూర్చి జరిగిన కృషి యంతయు ఈ చిక్కును విప్పుటకు జరిగినదే యనవచ్చును.

మొదటి పరిష్కారము 1980 లో వచ్చినది. గుహ యాటను చూచి ముగ్ధుడైన వారెన్ రాబినెట్, అటారీ యంత్రము కొరకు 'అడ్వెంచర్' అను ఆటను నిర్మించెను. ఆతనికి దొరికిన చోటు నాలుగు కిలోబైట్లు. ఆటగాని చేతిలో నున్నవి ఒక జాయ్‌స్టిక్కు, ఒక బటను. పదుల కొలది క్రియలను ఆతడు రెండు మూడు పనులకు కుదించెను. వస్తువును తాకిన అది చేతికి వచ్చును. బటను నొక్కిన జారిపోవును. ఒకసారికి ఒక్క వస్తువే మోయవలెను. కత్తిని మోయుచున్నవాడు తాళపుచెవిని మోయలేడు. ఈ ఒక్క నియమముచే ప్రతి ప్రయాణమును ఒక నిర్ణయమైనది. భాష తగ్గినది, ఆలోచన తగ్గలేదు.

ఆ యాటలోనే మరియొక విశేషము. అటారీ సంస్థ ఆనాడు ఆటల నిర్మాతల పేర్లను ప్రకటించెడిది కాదు. రాబినెట్ తన పేరును ఒక రహస్యపు గదిలో వ్రాసి దాచెను. కంటికి కనబడీ కనబడని ఒక చుక్కను కనుగొని, దానిని సరియైన చోటికి మోసికొనిపోయిన వానికే ఆ గది తెరచుకొనును. కవి తన ముద్రను పద్యములో దాచుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. ఇచట క్రొత్త యేమనగా, ఆ ముద్రను చేరుటకు చదువరి నడచి వెదకవలెను. విశాలమైన భూమి లేకున్నను, గోడ వెనుక ఏమున్నదోయను అనుమానమును రేపగలిగిన చాలును, అన్వేషణ పుట్టును.

రెండవ పరిష్కారము 1987 నాటిది. రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ అనువారు నిర్మించిన 'మేనియాక్ మాన్షన్' అను ఆటలో క్రియలనన్నిటిని తెర క్రిందనే పదునైదు మాటలుగా వరుసగా పేర్చినారు. తెరువు, మూయు, లాగు, ఇచ్చు మున్నగు మాటలలో ఒకదానిని ముట్టి, తరువాత వస్తువును ముట్టవలెను. యంత్రమునకు ఏ మాటలు తెలియునో ఇక దాపరికము లేదు. నిఘంటువును బల్లపై పెట్టి పరీక్ష పెట్టినట్లైనది. ప్రశ్న సులభము కాలేదు. కేవలము అన్యాయము తొలగినది.

గిల్బర్ట్ 1989 లో సాహస క్రీడల లోపములను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. ఉపాధ్యాయులు చదువదగిన వ్యాసమది. అందలి యొక సూత్రము: చిక్కు ముందు రావలెను, దానిని విప్పు సాధనము తరువాత దొరకవలెను. అగాధమును చూచి దాటలేక నిలిచినవానికి త్రాడు దొరికినచో ఆనందము కలుగును. త్రాడు ముందే సంచిలో నుండి, అగాధము తరువాత వచ్చినచో, ఆతడు చేసినది తలుపునకు తాళపుచెవిని తగిలించుట మాత్రమే. తరగతిలో సూత్రమును ముందు చెప్పి లెక్కను తరువాత ఇచ్చుటకును, లెక్కతో తికమకపడిన తరువాత సూత్రమును చూపుటకును గల భేదము సరిగా ఇదియే. ఆటగాని తప్పేమియు లేకుండ ఆతనిని చంపి, మొదటినుండి ఆడించుట పాండిత్యము కాదనియు ఆయన వాదించెను. 1990 లో ఆయన నాయకత్వమున వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' ఈ సూత్రములకు లక్ష్యముగా నిలిచినది.

1993 లో మిల్లర్ సోదరులు నిర్మించిన 'మిస్ట్' మరియొక మెట్టు ముందుకు పోయినది. క్రియల పట్టికయే లేదు. చూపి నొక్కుట యొక్కటే పని. మరణము లేదు, శత్రువులు లేరు. నిర్జనమైన దీవి, యంత్రములు, సగము కాలిన పుస్తకములు మాత్రమే యుండును. దేనిని ఎందుకు కట్టినారో ఆలోచించి తెలిసికొనుటయే ఆట. కంప్యూటరు ఆటలు ఆడని ఇల్లాండ్రును, వృద్ధులును కూడ ఆడగలిగిన ఆ యాట అరువది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. చేతికిచ్చిన పని తగ్గిన కొలది కంటికిని, బుద్ధికిని పని పెరుగుట ఇందు స్పష్టముగా చూడనగును.

ఇక జపాను వైపు చూడవలెను. 1986 లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' యను ఆటకు మూలపురుషుడు షిగెరు మియమోటో. క్యోటో సమీపమందలి సొనోబె గ్రామములో, పిన్నవయస్సున కొండలలో, గుహలలో తిరిగిన యనుభవమును ఆటగా మలచితినని ఆయన అనేక పర్యాయములు చెప్పియున్నాడు. ఆట మొదలైన తెరపై మూడు దిక్కులకు దారులును, ఒక గుహద్వారమును కలవు. ఆ గుహలోనికి పోయినవానికి ఖడ్గము దొరకును. పోనివాడు ఉత్తచేతులతో అడవిలో పడును. ఎవరును చేయి పట్టి లోనికి తీసికొనిపోరు. కాని నల్లని ఆ ద్వారము తెరపై నుండగా చూడబుద్ధి కాని బాలుడుండడు. ఆజ్ఞ లేకుండ దారి చూపుటకు ఇంతకంటె చక్కని యుదాహరణము అరుదు.

ఆ వరుసలో 1998 నాటి 'ఆకరీనా ఆఫ్ టైమ్' మూడు కొలతల లోకమును తెచ్చినది. లోకము విశాలమగుటతో చేతికి క్రొత్త కష్టము వచ్చినది. శత్రువు నలుదిక్కుల తిరుగుచుండగా కత్తి యెటు విసరవలెను? ఒక బటను నొక్కిపట్టిన చూపు శత్రువుపై నిలుచునట్లు నిర్మాతలు ఏర్పరచినారు. నేడు ఎన్నియో ఆటలలో కనబడు ఈ యేర్పాటు చేతికి సంబంధించినది మాత్రమే యనుకొనరాదు. చేయి తడబడుచున్నంతసేపు కన్ను లోకమును చూడదు. అక్షరములు కూడబలుకుకొను బాలునికి కావ్యరసము అందనట్లే, నియంత్రణము అలవడనివానికి అన్వేషణ అందదు.

ఆ వరుసలోనే ఈ వాదమునకు గీటురాళ్ల వంటి రెండు ఆటలు కలవు. మొదటిది 2011 నాటి 'స్కైవార్డ్ స్వోర్డ్'. ఆడువాడు చేతిలోని సాధనమును కత్తివలె ఝళిపింపవలెను; ఏ దిక్కున చేయి కదలిన ఆ దిక్కున తెరపై కత్తి కదలును. శత్రువు కుడివైపు కాచుకొన్నప్పుడు ఎడమనుండి కొట్టవలెను. నియంత్రణమే చిక్కుప్రశ్నయైనది, ఇది మెచ్చదగినదే. భూభాగము మాత్రము అడవి, అగ్నిపర్వతము, ఎడారి యని మూడు ముక్కలై, నడుమ ఆకాశముతో వేరుచేయబడి యుండును. అంతకంటె చిక్కైనది ఫై అను తోడునీడ. ఆటగాడు చూచి గ్రహింపబోవుచున్న దానిని ఆమె ముందుగా చెప్పును. అప్పుడే ఇతరులు చెప్పిన మాటను తిరిగి చెప్పును. చేతి సాధనములో బ్యాటరీలు తరుగుచున్నవని కూడ చెప్పును.

రెండవది 2017 నాటి 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. దీనికి దర్శకుడు ఫుజిబయాషి హిదెమారో, నిర్మాత అయొనుమా ఐజి; ఈ యిరువురే ముందు చెప్పిన ఆటకును ఆ స్థానముల నున్నవారు. ఇందు కనబడిన కొండ నెల్ల ఎక్కవచ్చును. అలసట యొక్కటే హద్దు. వాన కురిసిన రాయి జారును. ఎత్తునుండి తెరచాప వంటి సాధనముతో దిగవచ్చును. మొదటి ఘట్టము ముగియగానే, తలచినచో, కడపటి శత్రువున్న కోటకే నేరుగ పోవచ్చును. ఈ యాటకు లభించిన కీర్తి లోకవిదితము. దీనిని చూపియే అనేకులు, విశాలత గెలిచినది, ఏకమార్గత ఓడినది యని తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు చెప్పినవారు మొదటి ఘట్టమును మరచిరి. ఆట ఒక పీఠభూమిపై మొదలగును. చుట్టును లోయలు, దిగుటకు సాధనము లేదు. అచట నాలుగు మందిరములలో నాలుగు శక్తులను సంపాదించిన తరువాతనే దిగుటకు సాధనము లభించును. ఇంతకంటె గట్టి కంచె ఏ ఏకమార్గ క్రీడలో నున్నది? కాని ఆ కంచె లోపల మందిరములను ఏ వరుసలోనైన చేరవచ్చును. చలిని ఎట్లు తట్టుకొనవలెనో, చెట్టును కొట్టి వాగుపై ఎట్లు వేయవలెనో ఆటగాడు తానై కనుగొనును. చిన్న తోటలో నేర్చిన పాఠము పెద్ద అడవిలో పనికివచ్చును. స్వేచ్ఛ యిచ్చుటకు ముందు నేర్పు నిచ్చినారు. ఆ వరుసను త్రోసి, మొదటనే విశాల భూమిలో దింపియుండినచో, ఆ స్వేచ్ఛ దిక్కులేనితనమై యుండెడిది.

మరియొక రహస్యమును నిర్మాతలే 2017 లో జపానులో జరిగిన నిర్మాతల సదస్సున వెల్లడించిరి. భూమిని వారు త్రికోణాకారములతో దిద్దినారు. గుట్ట అడ్డముగా నుండును; దానిని ఎక్కవలెనా, చుట్టిరావలెనా యను ఎంపిక కలుగును; చుట్టి వచ్చుచుండగా వెనుక దాగియున్నది మెల్లగా కనబడును. అనగా, ఎటు వలసిన నటు పోవుచున్నానని ఆటగాడు తలచుచుండగా, భూమి యొక్క వాలే ఆతని చూపును నడిపించుచున్నది. గోపురము నెక్కిన పటము దొరకును కాని, ఎచట ఏమున్నదో అందు గుర్తులుండవు; తాను చూచిన దానికి తానే గుర్తు పెట్టుకొనవలెను. కావున స్కైవార్డ్ స్వోర్డునకును దీనికిని గల ముఖ్యభేదము వైశాల్యములో లేదు. ఆటగాని ఊహపై నిర్మాత యుంచిన విశ్వాసములో నున్నది.

ఈ విశ్వాసము లేని విశాల క్రీడలు నేడు కొల్లలు. భూభాగము చూచిన యోజనముల కొలది. పటము నిండ గుర్తులు. తెరపై ఎల్లప్పుడు ఒక బాణపు గుర్తు, ఇటు పొమ్మని. ఆడువాడు కొండను చూడడు, నదిని చూడడు. బాణమును చూచుచు నడచి, బాణము ఆగిన చోట బటను నొక్కును. ఇది వేయి క్రోసుల వైకుంఠపాళి. ప్రశ్నకు సమాధానమును అడుగుననే అచ్చువేసిన గైడు పుస్తకమునకును దీనికిని భేదము లేదు. అట్టి ఆటను నూరు గంటలు ఆడిన విద్యార్థికి మిగులునది బాణమును అనుసరించు నలవాటు. ఉపాధ్యాయులు కలతపడవలసినది ఈ యలవాటును గూర్చి.

ఇక ఏకమార్గ క్రీడల పక్షమున చెప్పవలసినది కలదు. 2001 లో ఫుమితో ఉయెదా నిర్మించిన 'ఈకో' అను ఆటలో కోటనుండి ఒక బాలుడు, ఒక బాలిక తప్పించుకొనవలెను. దారి దాదాపు ఒక్కటే. ఆమె భాష బాలునికి తెలియదు. ఒక బటను నొక్కిపట్టినంతసేపు ఆమె చేయి ఆతని చేతిలో నుండును, వదలిన విడిపోవును. గంటల తరబడి ఆ బటనును నొక్కిన వ్రేలికి, ఆమెను విడిచి ముందుకు పోవలసినపుడు కలుగు వెలితిని ఏ సంభాషణయు కల్పింపజాలదు. ఇచట చేతి పనియే రసము.

2013 లో జోసెఫ్ ఫారెస్ దర్శకత్వమున వచ్చిన 'బ్రదర్స్' అను ఆట ఇంకను చిన్నది, ఇంకను తిన్ననిది. రోగియైన తండ్రికి ఔషధము తెచ్చుటకు అన్నదమ్ములు బయలుదేరుదురు. ఎడమచేతి పుల్ల అన్నను, కుడిచేతి పుల్ల తమ్ముని నడపును. తల్లి నీటమునిగి మరణించినది కావున తమ్మునికి నీరనిన భయము. అన్న వీపుననే ఏరు దాటును. కథాంతమున అన్న మరణించును. తమ్ముడొంటరిగా నీటి యొడ్డున నిలుచును. ఆతనిని నడపు కుడిచేయి పనిచేయదు. అంతవరకు అన్న కొరకే వాడిన ఎడమచేతి మీటను ఆటగాడు నొక్కినప్పుడే తమ్ముడు నీటిలో దిగును. మరణించిన అన్న తమ్మునిలో నున్నాడను భావము మాటతో కాక చేతితో చెప్పబడినది. ఇరువది దారులున్న ఆటలో, ఆ మీట వద్దకు ఆ క్షణముననే అందరిని చేర్చుట సాధ్యము కాదు.

దీనికి ప్రతిపక్షులు ఒక ప్రశ్న వేయుదురు: దారి యొక్కటే యైనప్పుడు ఆటగాడు పుటలు త్రిప్పువాడే కదా, పుస్తకమే చదువుకొనవచ్చును కదా యని. ఇది త్రోయరాని ప్రశ్న. చేయి కథలో పాలుపంచుకొనని ఏకమార్గ క్రీడకు ఈ నింద తగును. నడుమ నడుమ బటను నొక్కించు సినిమాకు ఆటయను పేరు దండుగ. ఈకోలోను, బ్రదర్స్‌లోను చేయి పాలుపంచుకొన్నది. దారిని ఎంచుకొనలేకపోయినను, నడచుటలోని భారమును తాను మోసినది.

స్వేచ్ఛకును ఒక మూల్యము కలదు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీర దేశపు క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణము ఔచిత్యమని సిద్ధాంతీకరించెను. ఆ కొలత నిటకు తెచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డునందు ఒక అనౌచిత్యము కనబడును. రాకుమారి నూరేండ్లుగా కోటలో రాక్షసుని నిలువరించుచుండును. వీరుడు పుట్టగొడుగులు ఏరుకొని వంట చేయుచుండును. కథ త్వరపెట్టును, భూమి తీరిక నిచ్చును. 2019 నాటి 'అవుటర్ వైల్డ్స్' ఈ విరోధమును తెలివిగా పరిహరించినది. అందు ఒక చిన్న సూర్యమండలము. ఇరువదిరెండు నిమిషములకు సూర్యుడు పేలిపోవును, కాలము మరల మొదటికి వచ్చును. ఆటగానికి మిగులునది తెలిసికొన్న విషయము మాత్రమే. క్రొత్త ఆయుధము లేదు, తాళపుచెవి లేదు, జ్ఞానమే తాళపుచెవి. మొదటి దినమున తెరువదగిన ద్వారమే, తెలియక, ఇరువది గంటల తరువాత తెరువబడును. కాలము బిగువు, దారి స్వేచ్ఛ. రెండును ఒకదాని నొకటి చెరుపవు.

నియంత్రణమునకు న్యాయముతోను సంబంధము కలదు. చేయి ఝళిపించుటయే స్కైవార్డ్ స్వోర్డ్ విశేషమంటిమి గదా. చేయి కదపలేనివాని సంగతి యేమి? 2021 లో ఆ యాటను పునర్ముద్రించినపుడు బటనులతోను ఆడుటకు వీలు కల్పించిరి. ఫై మాటలను కూడ తగ్గించిరి. 2018 లో మైక్రోసాఫ్టు సంస్థ అంగవైకల్యము గలవారి కొరకు, ఎవరి దేహమునకు తగినట్లు వారు మీటలను అమర్చుకొను సాధనమును వెలువరించినది. ప్రశ్నను కఠినము చేయుట కళ. తలుపు వద్దనే కొందరిని నిలిపివేయుట కళ కాదు. పరీక్షాపత్రమును చదువలేనంత చిన్న అక్షరములలో అచ్చువేయుట ఆ పత్రమును కఠినము చేయదు.

ఇంతవరకు చూచిన దానినుండి, ఏ సాహస క్రీడనైనను తూచుటకు మూడు ప్రశ్నలు తేలుచున్నవి. ఆట చెప్పక విడిచినదానిని ఆటగాడు తానై గ్రహించుటకు ఆధారములు ముందుంచబడినవా? దారి ఒక్కటియైనచో, ఆ ఇరుకునకు తగిన ఫలము దక్కినదా? చేతికిచ్చిన పని ఆ లోకమునకు ఉచితమైనదా? ఈ మూడింటిలో విస్తీర్ణమును గూర్చిన ప్రశ్న లేదు. ఉపాధ్యాయులు విద్యార్థిని, ఎంతసేపు ఆడితివని మాత్రమే గద్దింపక, ఏమి కనుగొంటివి, ఎవరును చెప్పకుండ ఎట్లు కనుగొంటివి యని యడిగినచో, ఆ విద్యార్థి తాను ఆడినది ఆటయో, బాణము వెంట పరుగో తానే తెలిసికొనును.

తెలుగు విద్యార్థులకు ఇందు చేయదగిన పనియు కలదు. పెద్ద ఆటలకు కోట్ల ధనము కావలెను. క్రౌథర్ వంటి మాటల యాటకు కావలసినవి చూచిన చోటు, భాష, ఓపిక మాత్రమే. 2009 లో వెలువడిన 'ట్వైన్' వంటి ఉచిత సాధనములతో ఏ భాషలోనైనను అట్టి కథలను అల్లవచ్చును. మామత్ గుహ అమెరికాలో నున్నచో, నంద్యాల జిల్లాలో బెలుం గుహలు కలవు. 1884 లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వానిని లోకమునకు తెలిపెను. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మన్ అన్వేషకులు కొలిచిరి. తెలిసిన పొడవు 3,229 మీటర్లు. కోటిలింగాలు, పాతాళగంగ, సప్తస్వరాల గుహ యని అందలి చోటులకు పేర్లు సిద్ధముగానే యున్నవి.

పైగా మన భాష ఈ పనికి మిక్కిలి అనువైనది. దీపము వెలిగించు, తలుపు తెరువు, ముడి విప్పు, మూట దించు: ఆజ్ఞ రెండు మాటలలో ముగియును, వస్తువు ముందు, క్రియ చివర. తలుపును తీయుదుము, ముడిని విప్పుదుము, కాయను ఒలుతుము, మేకును ఊడబెరుకుదుము. ఏ వస్తువునకు ఏ క్రియ తగునో యోచించుచు ఒక గుహను వ్రాసిన విద్యార్థికి వ్యాకరణమును, వర్ణనమును, ఔచిత్యమును ఒక్క పనిలో అబ్బును. అంతకంటె ముఖ్యముగా, ఎంత చెప్పవలెను, ఎంత దాచవలెను అను కొలత ఆతనికి తెలియవచ్చును. ఆ కొలత తెలిసినవాడు బాణపు గుర్తునకు లోబడడు. ఆట నిర్మించినను, పాఠము చెప్పినను, తన యెదుటివాడు ఆలోచింపగలవాడని నమ్మి మొదలిడును.